సోది నాంచారమ్మకు ప్రథమ శ్రేణి

ఆ ఏడాది కాలేజీ తెరిచేనాటికి మేము చేయవలసిన పనులు ఇవి: ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు పెట్టించాలి. కెమిస్ట్రీ ల్యాబు కొళాయిలోకి నీళ్ళు రప్పించాలి. లైబ్రరీ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి. చరిత్ర చెప్పేందుకు ఒక మనిషిని పంపమని మళ్ళీ రాయాలి. వరండాలో పాములు రాకుండా చూడాలి. డిగ్రీ విద్యార్థులందరికీ కథాక్రీడ ప్రవేశపెట్టాలి.

చివరిది మొదట చేశాము. మిగతావాటికి నిధులు కావాలి. కథాక్రీడకు కథ చాలు.

కథాక్రీడ అంటే నలుగురు కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుని ఆడే ఆట. ఒకరు కథకుడుగా ఉంటారు. "మీ ముందర కోట ఉంది, తలుపు మూసి ఉంది, ఏం చేస్తారు?" అని అతను అడుగుతాడు. ఒకరు తలుపు తడతానంటారు, ఒకరు గోడ దూకుతానంటారు. దూకగలిగారా, కాలు విరిగిందా అన్నది పాచిక వేసి తేలుస్తారు. పట్నాల్లో పిల్లలు సరదాకు ఆడుకుంటారట. మా విశ్వవిద్యాలయం వారు దాన్ని సరదాగా ఉండనివ్వలేదు. రెండు క్రెడిట్లు ఇచ్చారు.

మా ప్రిన్సిపాల్ నరహరి గారు నన్ను పిలిచారు.

"ఓబులేసూ, నువ్వు తెలుగు కదయ్యా. కథలు మీ డిపార్టుమెంటే."

"సార్, నేను గెస్ట్ ఫ్యాకల్టీని."

"రెగ్యులర్ వాళ్ళకు కథలు చెప్పే తీరికెక్కడిది? నువ్వే చూసుకో."

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. మా నాయనకు చదువు రాదు. రేషన్ కార్డు వెనక అచ్చయిన సూచనలను నా చేత చదివించుకుని, చేతులు కట్టుకుని నిలబడి వినేవాడు. ఆ భయభక్తులు నాకూ వచ్చాయి. సర్క్యులర్ వస్తే కింది చిన్న అక్షరాలతో సహా ఆఖరి పేజీ దాకా చదువుతాను. కథాక్రీడ హ్యాండ్‌బుక్ కూడా అట్లాగే చదివి, ఒక రాజ్యాన్ని తయారు చేశాను. దాని పేరు కరువుసీమ. అక్కడ నీళ్ళన్నీ ఇంకిపోయాయి. ఎవరూ చూడని బావి ఒక్కటి ఎక్కడో ఉంది. దాన్ని వెతకాలి.

ఫైనలియర్ బీఏ పిల్లలు పాత్రలు తీసుకున్నారు. ఫయాజ్ అనేవాడు గుర్రాల దొంగ మీరయ్య అయ్యాడు. గంగరత్న సోది చెప్పే నాంచారమ్మ అయింది. హ్యాండ్‌బుక్ ప్రకారం ఆ పాత్రకు ఒక శక్తి ఉంది: భవిష్యదృష్టి. ముందు జరగబోయేది చూడగలదు.

గంగరత్న సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ళ వీధి మొగలో రోజూ తెల్లవారగానే గార్మెంట్ కంపెనీ బస్సు ఆగుతుంది. డిగ్రీలో ఒక్క పేపరు పోయి వాళ్ళక్క ఆ బస్సు ఎక్కింది. గంగరత్న పాసై, బీఎడ్ సీటు తెచ్చుకుంటే సరే. లేకపోతే అక్క పక్కన సీటు ఖాళీగానే ఉందని వాళ్ళమ్మ ముందే చెప్పి పెట్టింది.

మొదటి రోజే నాకు చిక్కు వచ్చింది.

"సార్, నాంచారమ్మ కండ్లు మూసుకునింది. ముందర ఏం జరుగుతాదో చూస్తాంది. చెప్పండి" అంది గంగరత్న.

ఫయాజ్ లేచాడు. "ఆయమ్మ అంతా ముందే చూసేస్తే ఇంక మేమెందుకు సార్? ఇంటికి పోతాం."

వాడన్నది న్యాయమే. అంతా చెప్పేస్తే మిగతావాళ్ళకు ఆట లేదు. ఏమీ చెప్పకపోతే నాంచారమ్మకు శక్తి లేదు. హ్యాండ్‌బుక్కులో ఈ విషయం గురించి ఒక బొమ్మ మాత్రమే ఉంది. అప్పుడు మా వీధికి వచ్చే సోదామె గుర్తొచ్చింది. ఆమె ఎప్పుడూ మొత్తం చెప్పేది కాదు. "ఉత్తరం దిక్కు నుంచి ఒక మనిషి వస్తాడు తల్లీ" అనేది. ఎవరని మా అమ్మ అడిగితే, "చూపించినంతే తల్లీ" అనేది. మా అమ్మ పది రోజులు ఉత్తరం వైపే చూస్తూ ఉండేది.

"ఒక వంతెన. తెగి వేలాడుతోంది. దాని మీద ఒంటి చెప్పు" అన్నాను.

క్లాసంతా తమ కాళ్ళ వైపు చూసుకుంది. ఎవరి చెప్పు? ఆ పూటంతా వంతెన దగ్గర కాలు పెట్టాలంటే వణికారు. వెనక నుంచి రాజభటులు తరుముకొస్తున్నారు. చివరికి ఫయాజే అన్నాడు: "అందరూ వంతెన దాటినాక మీరయ్య తన చెప్పు ఒకటి దాని మీదికి విసిరేసి, తాళ్ళు తనే కోసేసినాడు సార్. వంతెన తెగింది, చెప్పుంది, మావాళ్ళంతా ఇవతలుండారు. ఇంక భటుల్ని రమ్మనండి."

చూసింది చూసినట్టు జరిగింది. ఒక్కరూ చావలేదు. ఆ రోజు బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. ముందే తెలిసినదాన్ని ఎట్లా ఆడాలో ఆ పిల్లలకు తెలిసిపోయిందని నేను సంతోషించాను.

అంతలో తనిఖీ వచ్చింది.

నైపుణ్య వికాస విభాగం డైరెక్టర్ ఆచార్య త్రివిక్రమరావు గారు స్వయంగా విచ్చేశారు. పర్యావరణ విద్యలో పేరున్నవారు. నీళ్ళ సీసా ముందుపెట్టుకుని కూర్చున్నారు.

"భవిష్యదృష్టి వినియోగముపై నివేదిక?"

"ఈ వారం నాంచారమ్మ గుడారానికి నిప్పంటుకోవడం చూసింది సార్."

"అంటుకున్నదా?"

"లేదు సార్. చూసింది కదా, గుడారాన్ని ఏటి ఇసుకలోకి మార్చుకున్నారు."

"అనగా చూచినది జరుగలేదు. దృష్టి లోపభూయిష్టము." రాసుకున్నారు. "అంతకు ముందు?"

"వంతెన తెగడం చూసింది సార్. తెగింది."

"అనగా ముందుగా తెలిసియుండియు నివారింపలేదు. నిర్లక్ష్యము." అదీ రాసుకున్నారు.

"అయితే సార్, ఏం జరిగితే సరైనట్టు?"

"ఓబులేసు గారూ, అది విధానపరమైన ప్రశ్న. మీరు గెస్ట్."

వారం తిరక్కుండా విధానం వచ్చింది. "ఇందుమూలముగా సమస్త కళాశాలలకు తెలియజేయడమేమనగా, కథాక్రీడయందు భవిష్యదృష్టి ద్వారా ఒకపరి చూడబడిన ప్రతి సంఘటనయు తప్పక జరిగి తీరవలెను. జరుగని యెడల, దానిని అమలుపరచవలసిన అధికారి బాధ్యుడగును."

నేను క్లాసులో చదివి వినిపించాను. అందరికంటే శ్రద్ధగా విన్నవాడు ఫయాజ్. మరునాడు వచ్చి, "నాంచారమ్మా, మీరయ్య ఎట్ల పోతాడో రోంత చూసి చెప్పమ్మా" అన్నాడు.

నేను ఆలోచించకుండా అనేశాను: "ఒక నులక మంచం. దాని మీద తెల్లగడ్డం ముసలివాడు. పక్కన గుర్రం."

"గుర్రముంది గదా, అది నేనే" అని ఫయాజ్ తీర్మానించాడు. ఆ మరుక్షణం మీరయ్య కోట బురుజు మీది నుంచి దూకాడు. పాచిక వేస్తే చచ్చిపోయినట్టు పడింది.

"ఎట్ల చస్తా సార్? నాకింకా గడ్డమే రాలే. రూలు చూడండి."

రూలు చూశాను. వాడిదే నిజం. తర్వాత వాడు పాముపుట్టలో చెయ్యి పెట్టాడు. విషం రుచి చూసి ఉప్పు తక్కువైందన్నాడు. ఏనుగు కింద పడుకుని కునుకు తీశాడు. మిగతా పిల్లలు నాంచారమ్మ ముందు వరసకట్టారు. "అమ్మా, నాకూ ఒక మంచం చూడమ్మా." "నాకు పట్టె మంచం." "నాకు దోమతెరుండల్ల." గంగరత్న మెత్తని మనసుది, అడిగినవాళ్ళందరికీ మంచం చూసింది. రెండు క్లాసుల్లో కరువుసీమలో చావనేది లేకుండా పోయింది. భయం పోయాక ఎవరికీ బావి వెతకాలనిపించలేదు. అందరూ రాజమార్గం మధ్యలో కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి తొంగిచూశారు. "ఏమి జరుగుతోందిరా?"

"అమరులమైనాం సార్."

"అటెండెన్స్ వేయించుకున్నారు కదా?"

నేను ఈ ఇబ్బందిని వివరంగా రాసి విశ్వవిద్యాలయానికి పంపాను. జవాబు వచ్చింది. పాత్రల మరణాల శాతాన్ని సున్నాకు తగ్గించినందుకు మా కళాశాలను అభినందించారు.

పిల్లల్లో మళ్ళీ కొంచెం బెదురు పుట్టించాలని చివరి నెలలో ఒక రాతి తలుపు పెట్టాను. అది ప్రశ్నలడుగుతుంది. జవాబు చెబితేనే దారి. వార్షిక పరీక్షలు దగ్గరపడ్డాయి. గంగరత్న లేచి, "నాంచారమ్మ కండ్లు మూసుకునింది సార్. ఈసారి మీరు చెప్పొద్దు, నేనే చెప్తా" అని, గొంతు మార్చి, చేతిలోని స్కేలును సోదికర్రలా తిప్పుతూ అందుకుంది: "రాతి తలుపు మీద ఐదు ప్రశ్నలు కనపడతాండాయి సామీ! ఒకటి, భూగర్భ జలములు అడుగంటుటకు గల కారణములను వివరింపుము. రెండు, ఇంకుడు గుంతల ప్రాముఖ్యమును గూర్చి వ్రాయుము..." ఐదూ చెప్పింది. క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఫయాజ్ ఫోనులో వీడియో తీశాడు.

పర్యావరణ విద్య పరీక్షలో ఆ ఐదే వచ్చాయి. అదే వరసలో వచ్చాయి.

ఫయాజ్ సంతోషం పట్టలేక ఆ సాయంత్రం వీడియో పెట్టాడు. దాని కింద "మా నాంచారమ్మ పవరు" అని రాశాడు. తెల్లవారేలోగా జిల్లా అంతా చూసింది. ఫలితాలు వచ్చినప్పుడు అందరి పేర్ల ఎదురుగా పాస్, ఫెయిల్ అని ఉంది. గంగరత్న పేరు ఎదురుగా "నిలుపుదల, విచారణ పెండింగ్" అని ఉంది. బీఎడ్ కౌన్సెలింగు ఆ నెలాఖరులోనే.

ఆ పిల్ల స్టాఫ్ రూముకు వచ్చింది.

"సార్, అది మా అక్క రాసిన పేపరు. మూడేండ్ల కిందటిది. దాంట్లోనే ఆమె పోయింది, అందుకే మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. మా చిన్నమ్మకు గూడా అదే వచ్చిందంట. ఊరంతా తెలుసు సార్, బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో గెస్ పేపరని అమ్ముతాండారు. గట్టిగా చెప్పింది మాత్రం నేనొక్కదాన్నే."

"ఉన్నది ఉన్నట్టు చెప్పేయమ్మా. ఒక్క మాటతో అయిపోతుంది" అన్నాను.

అప్పటికి నేను విచారణ సంఘాన్ని చూసి ఉండలేదు.

సంఘానికి అధ్యక్షులు డైరెక్టర్ గారే. పక్కన పరీక్షల రహస్య విభాగం అధికారి, మా ప్రిన్సిపాల్ గారు. గంగరత్న నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ప్రిన్సిపాల్ గారికి అమాయకంగా ఒక సందేహం వచ్చింది. "ఇంతకూ ఈ పేపరు ఏటేటా కూర్చేది ఎవరండీ?"

"అది రహస్యం" అన్నాడు రహస్య విభాగం అధికారి. అని, డైరెక్టర్ గారి వైపు చూశాడు. డైరెక్టర్ గారు నీళ్ళు తాగారు.

"సభ్యులారా" అన్నారు సీసా కింద పెట్టి. "మన ముందు మూడు అవకాశములు గలవు. మొదటిది, ప్రశ్నపత్రము వెలికి పొక్కినది."

"మా విభాగంలోంచి చీమ కూడా పొక్కదు" అన్నాడు అధికారి.

"రెండవది, ప్రశ్నపత్రము పాతది. ఇది అసంభవము." దీనికి ఎవరి అభిప్రాయమూ అడగలేదు. "మూడవది, ఈ బాలిక ప్రశ్నలను ముందుగా చూచినది."

ముగ్గురూ ఒక్కసారే కుర్చీల్లో వెనక్కి వాలారు. మూడోదాంట్లో ఎవరి తప్పూ లేదు.

"నేనేం చూడలేదు సార్" అంది గంగరత్న.

"నువ్వు కాదమ్మా, నాంచారమ్మ. 'నాంచారమ్మ కండ్లు మూసుకునింది' అని వీడియోలో నువ్వే వాంగ్మూలమిచ్చినావు" అన్నారు డైరెక్టర్ గారు.

"అది ఆట సార్!"

"ఆట కాదమ్మా. రెండు క్రెడిట్లు."

ఉత్తర్వు వచ్చినరోజు ప్రిన్సిపాల్ గారి గదిలో గంగరత్నకు నేనే చదివి వినిపించాను. మొదటి పేరా బాగుంది: "నాంచారమ్మ అను పాత్ర తన భవిష్యదృష్టి చేత ప్రశ్నలను గ్రహించినట్లు రుజువైనందున, ప్రశ్నపత్రము లీకు కాలేదని నిర్ధారించడమైనది." గంగరత్న చప్పట్లు కొట్టింది. నేను రెండో పేరా చదివాను: "కావున సదరు పేపరునందు లభించిన మార్కులు నాంచారమ్మకే చెందును. కుమారి గంగరత్న సదరు పరీక్షకు గైర్హాజరైనట్లు పరిగణింపబడును." మూడో పేరాలో నాంచారమ్మకు ప్రథమ శ్రేణి ప్రకటించి, పట్టా తీసుకొనుటకు స్వయముగా హాజరు కావలెనన్నారు.

"ఈ ఏడు మన కాలేజీకి ఫస్ట్ క్లాసు ఒకటి పెరిగిందయ్యా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన నిజంగానే సంతోషించారు.

గంగరత్న నవ్వింది. "నాకంటే ముందు నాంచారమ్మకే డిగ్రీ వచ్చె." ఆ తర్వాత నవ్వలేదు. "ఇంట్లో ఏం చెప్పల్ల సార్? బస్సు మాత్రం నాంచారమ్మ ఎక్కదు గదా."

స్వయముగా హాజరు కావాలన్నారు కాబట్టి అట్లాగే పోయాము. గంగరత్న వాళ్ళమ్మ పాత చీర కట్టి, నుదుట పెద్ద బొట్టు పెట్టి, చంకన గంప, చేతిలో కర్రతో బస్సు దిగింది. విశ్వవిద్యాలయం గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఎవరు కావాలమ్మా?"

"నేను ఫస్ట్ క్లాసు నాయనా."

ఉత్తర్వు చూపిస్తే సెల్యూట్ కొట్టి వదిలాడు.

డైరెక్టర్ గారు మమ్మల్ని లోపలికి పిలిచి, గుమాస్తాను బయటికి పంపారు. నన్నూ పంపాలనుకున్నారు కానీ, కథకుడు లేనిదే పాత్ర పలకరాదని హ్యాండ్‌బుక్కులో ఉందని మనవి చేశాను. వారు తలుపు దగ్గరికి వేసి వచ్చి, గొంతు తగ్గించారు.

"నాంచారమ్మ గారూ, మీ దృష్టి రుజువైనది. సంతకము చేసినవాణ్ణి నేనే. వచ్చే నెల ఉపకులపతి నియామకము ఉన్నది. నా పేరు పరిశీలనలో..." అని కుడిచెయ్యి చాపారు.

గంగరత్న నా వైపు ఒకసారి చూసింది. నేను నోరు తెరిచేలోగా కర్ర ఆ అరచేతిలో ఆనించింది.

"సోది చెప్తా వినుకో సామీ! ఉన్నదే చెప్తా, లేనిది చెప్పను. పెద్ద గది కనపడతాంది. గదిలో పెద్ద కుర్చీ. కుర్చీ ఎనకాల ఎర్ర తువ్వాలు."

"ఉపకులపతి గారి గదే!" అన్నారు డైరెక్టర్ గారు. "కుర్చీలో ఎవరున్నారు?"

"పొగ కమ్మింది సామీ. కుర్చీ ముందర బల్ల. బల్ల మీద పట్టా. పట్టా మీద గంగరత్న అని పేరు. కిందొక సంతకం."

"ఎవరి సంతకము?"

"పేరు చదవలేను సామీ. తోక మాత్రం శానా పొడుగు."

వారు బల్ల మీది ఫైలులో తమ సంతకం చూసుకున్నారు. దాని తోక కాగితం అంచు దాకా పోయింది.

"నాదే" అన్నారు.

"పొగ రోంత తగ్గినట్టుంది సామీ."

"కాని ఆ అమ్మాయి గైర్హాజరు కదా?"

"నాకేం తెలుసు సామీ. చూపించినంతే."

అప్పుడు నా ధర్మంగా సర్క్యులర్ గుర్తు చేశాను. ఒకపరి చూడబడిన సంఘటన జరుగని యెడల, అమలుపరచవలసిన అధికారి బాధ్యుడగును. డైరెక్టర్ గారు క్షణం ఆలోచించి బెల్లు కొట్టారు. గైర్హాజరు హాజరైంది. ఒక పేపరుకు ఇద్దరికి మార్కులు ఎట్లా ఇస్తామని గుమాస్తా అడిగితే, ఒకరు చూచినారు, ఒకరు వ్రాసినారు అని రాసుకోమన్నారు. పొద్దువాలే లోపల పట్టా బల్ల మీదికి వచ్చింది. గంగరత్న పేరు, కింద పొడుగు తోక.

మెట్లు దిగుతూ ఆ పిల్ల గంప నా చేతికిచ్చి బొట్టు తుడుచుకుంది.

"అబద్ధం చెప్పినానా సార్?"

"ఎర్ర తువ్వాలు ఎక్కడిదమ్మా?"

"ఆయప్ప కుర్చీకే ఉండె గదా సార్. మీరు చూడలే?"

నేను చూడలేదు. నేను సర్క్యులర్ చూస్తూ ఉన్నాను.

కౌన్సెలింగుకు అందింది. సీటు వచ్చింది. గార్మెంట్ బస్సులో అక్క పక్క సీటు ఖాళీగానే పోతోంది. వాళ్ళక్క దాని మీద టిఫిన్ డబ్బా పెట్టుకుంటుందట.

తర్వాతి నెల ఉపకులపతి పదవి వేరొకరికి వచ్చింది. ఆ వారమే మాకు మరో సర్క్యులర్ వచ్చింది. భవిష్యదృష్టి గల సమస్త పాత్రలను తక్షణము తొలగించి, తొలగించినట్లు ధ్రువీకరించవలెనట. నాంచారమ్మ ప్రథమ శ్రేణిని మాత్రం వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలంటే ఎందుకిచ్చారో రాయాలి.

ఆ ఉత్తర్వు అమలుచేసేందుకు పాత పిల్లలను ఒక సాయంత్రం రమ్మన్నాను. బీఎడ్ కాలేజీ నుంచి గంగరత్న కూడా వచ్చింది. కరువుసీమలో అందరూ రాజమార్గం మీద శనక్కాయ పొట్టు మధ్య ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. బావి దొరకలేదు.

"ఆఖరిసారి కళ్ళు మూసుకో నాంచారమ్మా" అన్నాను.

గంగరత్న మూసుకుంది.

"ఒక చేంతాడు. తడిగా ఉంది."

"యాడ సార్? ఏ బావిది?" ఫయాజ్ లేచి నిలబడ్డాడు.

"చూపించినంతే."

ఉత్తర్వు చదివాను. నాంచారమ్మ తొలగించబడింది. ఫయాజ్ మెల్లగా అన్నాడు: "మీరయ్య గుర్రం దిగినాడు సార్. తడి యాడుందో నేల చూసుకుంటా నడుస్తాండాడు."

ఆనాడు మేము చేయవలసిన పనుల్లో మరుగుదొడ్డికి తలుపు వచ్చింది, గడియ రావాలి. తాళంచెవి దొరికింది, బీరువా కనపడటం లేదు. ల్యాబు కొళాయి తిప్పితే ఇప్పటికీ గాలే వస్తుంది. అయినా నేను నిరాశపడటం లేదు. ఆ రెండో సర్క్యులర్‌ను ఆఖరి పేజీ దాకా, చిన్న అక్షరాలతో సహా చదివాను. అందులో నాంచారమ్మను తీసేశారు కానీ, మొదటి సర్క్యులర్‌ను రద్దు చేయడం మరిచిపోయారు. ఒకపరి చూడబడిన ప్రతి సంఘటనయు జరిగి తీరవలెనన్న మాట ఇంకా అమల్లోనే ఉంది.

కాబట్టి అయ్యా, అమ్మా, ఏ కరువు ఊళ్ళోనైనా మీరు చేంతాడు పట్టుకున్నప్పుడు చేతికి తడి తగిలితే, మా నాంచారమ్మను ఒకసారి తలుచుకోండి.